లేజూష్‌లో జీవభౌతికశాస్త్ర వేసవి పాఠశాల: ప్రయాణం, బస, చదువు

జీవభౌతికశాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టినవారు వేసవి పాఠశాలను ఎంచుకునేటప్పుడు ఉపన్యాసకుల పేర్లతో పాటు బస, భోజనశాల, తరగతి గది ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో కూడా చూసుకోవాలని, ఫ్రాన్స్‌లోని లేజూష్‌కు వెళ్లివచ్చాక నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆల్ప్స్ పర్వతాలలో, షమోనీ లోయలో, సుమారు 1150 మీటర్ల ఎత్తున ఉన్న ఈ భౌతికశాస్త్ర పాఠశాలను 1951లో సెసిల్ డివిట్-మోరెట్ స్థాపించారు. యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌లో ఆధునిక భౌతికశాస్త్రం నేర్పేవారు కరవైన రోజులవి. తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన పియెర్-జిల్ ద జెన్, క్లాడ్ కోహెన్-తనూజి తొలినాళ్లలో ఇక్కడ విద్యార్థులుగా పాఠాలు విన్నవారే.

దిగవలసిన విమానాశ్రయం స్విట్జర్లాండ్‌లోని జెనీవా. వీసా మాత్రం ఫ్రాన్స్‌కు తీసుకోవాలి, ఎందుకంటే ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలన్నది, ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల షెంజెన్ ఒప్పందంలోని నియమం. రెండు దేశాలూ ఆ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి జెనీవాలో దిగడానికి ఇబ్బంది లేదు. 2024 జూన్ నుంచి వీసా రుసుము 90 యూరోలు అయింది. కనీసం 30,000 యూరోల వైద్య బీమా కూడా చూపించాలి. వేసవిలో హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం కనుక, ఎంపికైనట్టు ఉత్తరం అందిన రోజే ఆ పని మొదలుపెట్టడం మంచిది.

జెనీవా నుంచి లేజూష్‌కు చేరడానికి రెండు దారులున్నాయి. 2019 డిసెంబరులో మొదలైన లేమాన్ ఎక్స్‌ప్రెస్ రైలులో సాన్-జెర్వే దాకా వెళ్లి, అక్కడ కొండ ఎక్కే చిన్న రైలు పట్టుకోవచ్చు. ఖర్చు తక్కువే, దారి పొడవునా దృశ్యం అద్భుతం, కానీ లేజూష్ స్టేషను లోయకు అవతలి వైపున ఉంటుంది. పెద్ద పెట్టెతో అక్కడి నుంచి పాఠశాల దాకా ఎక్కడం ఎవరికీ చెప్పదగిన పని కాదు. నలుగురైదుగురు కలిసి వెళ్లే వ్యాను నేరుగా తీసుకెళుతుంది. నేను మాట్లాడుకున్న వ్యాను చాలా ఆలస్యంగా వచ్చింది, ఆలస్యమవుతుందని ఒక్క మాటైనా తెలియజేయలేదు. అయినా సామానుతో వెళ్లేవారికి వ్యానే మేలని చెబుతాను.

బస కొండవాలు మీద చెట్ల మధ్య కట్టిన చెక్క ఇళ్లలో. గదులు చిన్నవి, సాధారణంగా మరొకరితో పంచుకోవాలి. హోటల్ సౌకర్యాలు ఆశించి వెళ్లేవారికి నిరాశ తప్పదు. జూలైలో కూడా రాత్రుళ్లు చలి వేస్తుంది కాబట్టి స్వెటరు, వానకోటు తప్పనిసరి. గది తలుపు తీస్తే తరగతి గదికి, భోజనశాలకు కొద్ది నిమిషాల నడక. ఈ ఒక్క సౌకర్యం మిగిలిన లోటులన్నిటినీ పూడ్చిందని చెప్పగలను.

అది ఎలాగో చెప్పడానికి ఒక పాఠం చాలు. కైనెసిన్ అనే మోటారు ప్రోటీన్ కణంలో పట్టాల్లా పనిచేసే సూక్ష్మనాళికల మీద అడుగుకు 8 నానోమీటర్ల చొప్పున నడుస్తుంది, దానిని ఆపాలంటే సుమారు 6 పికోన్యూటన్ల బలంతో వెనక్కి లాగాలి. ఈ రెంటినీ గుణిస్తే ఒక అడుగులో అది చేయగల పని, 48 పికోన్యూటన్-నానోమీటర్లు, వస్తుంది. ఒక్కో అడుగుకు ఇంధనంగా ఖర్చయ్యే ఒక ఏటీపీ అణువు కణంలో ఇచ్చే శక్తి అదే కొలతలో 80 నుంచి 100 వరకు ఉంటుంది. అంటే చుట్టూ నీటి అణువులు నిరంతరం ఢీకొడుతున్నా, ఆ చిన్న యంత్రం తనకు అందిన శక్తిలో దాదాపు సగాన్ని పనిగా మార్చగలదు. నల్లబల్ల మీద ఏటీపీ అన్న అక్షరాలు కనబడగానే, 1929లో ఫిస్కేతో కలిసి కండరంలో దానిని గుర్తించిన మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకొచ్చి గర్వంగా అనిపించింది. మిగిలిన సగం ఎక్కడికి పోతుందని భోజనాల దగ్గర ఒక అమ్మాయి అడిగితే, పాఠం చెప్పిన ఆచార్యులే పళ్లెం పక్కకు జరిపి, నోట్సు కాగితం వెనుక బలానికీ వేగానికీ ఉన్న సంబంధాన్ని గీసి చూపారు. తరగతిలో నోరు విప్పని వారు కూడా ఆ బల్ల చుట్టూ చేరి ప్రశ్నలు అడిగారు.

అంతకుముందు నేను ఇటలీలోని ట్రియెస్టేలో, 1964లో పాకిస్తాన్ భౌతికశాస్త్రవేత్త అబ్దుస్ సలాం నెలకొల్పిన ఐసీటీపీలో (అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రంలో) మరో పాఠశాలకు వెళ్లాను. ఖర్చు విషయంలో దానికి సాటి లేదు. నమోదు రుసుము ఉండదు, మనవంటి దేశాల నుంచి వచ్చే వారిలో కొందరికి ప్రయాణ సహాయం కూడా అందుతుంది. ఆడ్రియాటికో అతిథి గృహం సముద్రపు ఒడ్డునే ఉంటుంది, మిరామారే కోట నడక దూరంలోనే. అయితే సాయంత్రం కాగానే చాలామంది బస్సెక్కి ఊళ్లోకి వెళ్లిపోయేవారు, దానితో చర్చ అక్కడికి ఆగిపోయేది. డబ్బు ముఖ్యమైతే ట్రియెస్టే, పెద్దలతో సావకాశంగా మాట్లాడడం ముఖ్యమైతే లేజూష్ అని నా అభిప్రాయం.

లేజూష్‌లో భోజనం అందరికీ ఒకేచోట. శాకాహారులమని దరఖాస్తులోనే రాస్తే విడిగా వండుతారు గానీ, జున్ను, బంగాళాదుంప, రొట్టెలే ఎక్కువ. కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ వెంట ఉంటే రోజులు సులువుగా గడుస్తాయి.

సెలవు రోజున చాలామంది షమోనీ నుంచి ఎగ్వీ దు మిదీ శిఖరానికి వెళ్లే రోప్‌వే ఎక్కుతారు. 1035 మీటర్ల నుంచి 3777 మీటర్ల దాకా అరగంట లోపే తీసుకెళ్లే ఆ ప్రయాణం టిక్కెట్టు ఖరీదైనది. ఎత్తు ఒక్కసారిగా పెరగడంతో తల తిరిగినవారూ ఉన్నారు. ఆకాశం నిర్మలంగా ఉన్న ఉదయం అయితేనే వెళ్లాలి. లేకపోతే లేజూష్ నుంచే బెల్‌వూ రోప్‌వేలో 1800 మీటర్ల దాకా వెళ్లి, పచ్చికబయళ్లలో నడిచి రావడం విద్యార్థుల జేబుకు సరిపోతుంది.

జీవశాస్త్రం నుంచి వెళ్లేవారు బోల్ట్‌జ్‌మన్ విభాజనం (ఒక ఉష్ణోగ్రత వద్ద ఏ శక్తి స్థాయిలో ఎన్ని అణువులు ఉంటాయో చెప్పే సూత్రం), యాదృచ్ఛిక చలనం బయలుదేరే ముందే ఒకసారి తిరగేసుకోవాలి. భౌతికశాస్త్రం నుంచి వెళ్లేవారు జన్యువు నుంచి ప్రోటీను ఎలా తయారవుతుందో చదువుకుని ఉండాలి. మొదటి వారంలో వెనకబడితే తరువాత అందుకోవడానికి అక్కడి దినచర్యలో ఖాళీ దొరకదు.