నేల ఖరీదు, బాల్కనీ చవక: లండన్ నాటకం టికెట్లు వైజాగ్ నుంచే కొనడం

సినిమా హాళ్ళ పుణ్యమా అని మనకి ఒకటే లెక్క అలవాటు: నేల చవక, బాల్కనీ ఖరీదు. అదే లెక్కతో లండన్‌లో నాటకాల హాళ్ళుండే వెస్టెండ్ టికెట్లు కొంటే బోల్తా పడతాం. అక్కడ కింది అంతస్తుని స్టాల్స్ అంటారు. అందులో ముందు, మధ్య వరుసలదే ఎక్కువ ధర. దాని పైది డ్రెస్ సర్కిల్, కొన్ని హాళ్ళలో దీన్నే రాయల్ సర్కిల్ అంటారు. ఆ పైది అప్పర్ సర్కిల్ లేదా గ్రాండ్ సర్కిల్. అన్నిటికీ పైన, కప్పుకి అంటుకుని ఉండేది బాల్కనీ. పేరు గొప్పగా ఉందని పెద్దవాళ్ళకి బాల్కనీ బుక్ చేస్తే మోకాళ్ళ నొప్పులే మిగులుతాయి. ఈ హాళ్ళలో చాలావాటికి వందేళ్ళు దాటాయి, పై అంతస్తులకి లిఫ్టు లేనివే ఎక్కువ. మెట్లు నిటారుగా ఉంటాయి, సీట్ల మధ్య కాళ్ళు చాపుకునే చోటుండదు, ముందు వరుసలో కూర్చుంటే కళ్ళకి అడ్డంగా ఇనుప కడ్డీ.

పోనీ స్టాల్స్ అయితే మెట్ల బాధ లేదు కదా అనుకోవద్దు. చాలా పాత హాళ్ళలో స్టాల్స్ రోడ్డుకంటే కిందన ఉంటాయి, దిగి వెళ్ళాలి. రోడ్డు మట్టానికి దగ్గరగా ఉండేది డ్రెస్ సర్కిల్. కాబట్టి కొనేముందు ఆ హాలు వెబ్‌సైట్‌లో 'యాక్సెస్' పేజీ తెరవండి. ఏ అంతస్తుకి ఎన్ని మెట్లో, చక్రాల కుర్చీకి ఏ ద్వారమో అక్కడ రాసి ఉంటుంది.

డబ్బుకి తగ్గ సీటు ఏదంటే మా ఓటు డ్రెస్ సర్కిల్ మధ్య భాగానికి. బడ్జెట్ అంత లేకపోతే అప్పర్ సర్కిల్ మొదటి రెండు మూడు వరుసల్లో మధ్యన. స్టాల్స్ చివరి వరుసలు మాత్రం దండగ. పై అంతస్తు నెత్తిమీదకి పొడుచుకొచ్చి స్టేజీ పైభాగం కనిపించదు, సెట్టు ఎత్తుగా లేచే మ్యూజికల్స్‌లో (పాటలు, డాన్సులతో నడిచే నాటకాల్లో) సగం సరదా అక్కడే పోతుంది. 'రిస్ట్రిక్టెడ్ వ్యూ' అని రాసి ఉంటే ఎదురుగా స్తంభం ఉందనో, స్టేజీలో ఒక పక్క కనిపించదనో అర్థం. సీట్‌ప్లాన్ అనే సైట్‌లో ప్రేక్షకులు తమ సీటు నుంచి తీసిన ఫొటోలు పెడతారు. అది చూడకుండా కొనకండి.

ఎక్కడ కొనాలన్నది రెండో చిక్కు. గూగుల్‌లో నాటకం పేరు కొడితే ముందుగా వచ్చేవి ప్రకటనలు. వాటిలో తిరిగి అమ్ముకునేవాళ్ళు ఉంటారు, అదే సీటు ఒకటిన్నర రెట్లకి అంటగడతారు. హాలు సొంత సైట్‌లోనో, సొసైటీ ఆఫ్ లండన్ థియేటర్ నడిపే అఫీషియల్ లండన్ థియేటర్‌లోనో కొంటే బెడద లేదు. ఇతర ఏజెంట్లయితే 'స్టార్' ముద్ర ఉందో లేదో చూడండి. అది అక్కడి టికెట్ ఏజెంట్ల సంఘం గుర్తు.

ఎంత ముందు కొనాలి? అది నాటకాన్ని బట్టి. లైసియం హాల్లో 1999 నుంచి ఆడుతున్న లయన్ కింగ్, అపోలో విక్టోరియాలో 2006 నుంచి ఆడుతున్న వికెడ్ లాంటివాటికి మామూలు పనిరోజుల్లో తొందర అక్కర్లేదు. పేరున్న నటుడితో పదీ పన్నెండు వారాలే ఆడే నాటకం అలా కాదు, అమ్మకం తెరిచిన రోజే మంచి సీట్లు అయిపోతాయి. లండన్‌లో ఉదయం 10 గంటలకి అమ్మకం అంటే వేసవిలో మనకి మధ్యాహ్నం 2.30, చలికాలంలో 3.30. అక్కడ మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో గడియారాలు మారుస్తారు, ఆ గంట తేడాకే పొరపడేవాళ్ళున్నారు.

వీసా రాకముందు కొనొద్దనేది మా మాట. సందర్శకుల వీసాకి వేలిముద్రలిచ్చాక మామూలుగా మూడు వారాలు పడుతుంది. నాటకం టికెట్టుకి సాధారణంగా డబ్బు వెనక్కివ్వరు, వీసా రాలేదన్నా సరే. కొన్ని హాళ్ళు రుసుము తీసుకుని తేదీ మారుస్తాయి, ఆ షరతు ముందే చదవాలి.

ఇక కార్డు సంగతి. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. 2020 నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ వాడకం ఆపేసే ఇస్తున్నారు, అది రిజర్వు బ్యాంకు నిబంధన. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసి, పరిమితి పెంచుకోవాలి. యూపీఐ పనిచేయదు, వీసా కంపెనీ కార్డు గానీ మాస్టర్‌కార్డ్ గానీ ఉండాలి. సీటు బుట్టలో వేశాక గడియారం నడుస్తుంది, పది పదిహేను నిమిషాలే టైము. అప్పుడు కార్డు సెట్టింగులు వెతుక్కుంటూ కూర్చుంటే సీటు పోతుంది. చెల్లింపు విఫలమైతే వెంటవెంటనే నాలుగుసార్లు నొక్కకండి. డబ్బు నాలుగుసార్లు నిలిచిపోయి, తిరిగి రావడానికి రోజులు పడుతుంది.

రూపాయల్లో కడతారా, పౌన్లలోనా అని అడిగితే పౌన్లే ఎంచుకోండి. రూపాయలంటే మారకం రేటు వాళ్ళిష్టం. వంద పౌన్ల టికెట్లు రెండు, పౌను 120 రూపాయలనుకుంటే 24,000. విదేశీ చెల్లింపు మీద బ్యాంకు వేసే అదనపు రుసుము, అంటే మార్కప్, 3.5 శాతం అయితే 840, దాని మీద 18 శాతం జీఎస్టీ 151. మొత్తం 24,991. పౌన్లు నింపుకున్న ఫారెక్స్ కార్డుకి ఈ మార్కప్ పడదు, కాకపోతే నింపేటప్పుడే రేటులో వాళ్ళ లాభం కలిసిపోయి ఉంటుంది.

టికెట్టు ఫోన్‌కి వచ్చే ఈ-టికెట్టే తీసుకోండి. 'బాక్సాఫీసులో తీసుకుంటాం' అని పెడితే కొన్నిచోట్ల టికెట్టు కొన్న కార్డు చూపించమంటారు. అమెరికాలో ఉన్న అబ్బాయి తన కార్డుతో కొని ఉంటే ఆ కార్డు చేతిలో లేక అమ్మానాన్నలు కౌంటరు దగ్గర నిలబడిపోవాలి. కొన్ని యాప్‌లలో క్యూఆర్ కోడ్ ఆట రోజునే కనబడుతుంది, బస దగ్గర వైఫై ఉన్నప్పుడే తెరిచి దాచుకోండి.

ఏ రోజుకి కొనాలన్నదీ ముఖ్యమే. రాత్రి ఆట సాధారణంగా 7.30కి. వేసవిలో అది మన అర్ధరాత్రి 12. వైజాగ్ నుంచి హైదరాబాదో దుబాయో మీదుగా అలసిపోయి దిగిన రోజున వంద పౌన్ల సీట్లో గుర్రు కొట్టడం ఖాయం. మొదటి రెండు రోజులకి మ్యాటినీ తీసుకోండి, మధ్యాహ్నం 2.30 అంటే మన సాయంత్రం 7. మ్యాటినీలు ఎక్కువగా బుధ, గురు, శనివారాల్లో ఉంటాయి. చాలా హాళ్ళకి ఆదివారమో సోమవారమో సెలవు. ఆలస్యంగా వెళ్తే విరామం దాకా బయటే నిలబెట్టొచ్చు. పెద్ద సూట్‌కేసులు చాలా హాళ్ళలో లోపలికి రానివ్వరు, ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా వెళ్ళొద్దు.

బస విషయంలో హీత్రూ ఎయిర్‌పోర్టు దగ్గరి 'హౌన్స్‌లో' అనే పేట మంచి బేరం. అక్కణ్ణుంచి పికడిల్లీ మెట్రో లైన్‌లో రైలు మారకుండా నాటకాల హాళ్ళ నడుమ ఉన్న లెస్టర్ స్క్వేర్‌లో దిగొచ్చు, శుక్ర, శనివారాల్లో ఆ లైను రాత్రంతా నడుస్తుంది. ఇడ్లీ, దోసె లేకపోతే కుదరదంటే తూర్పు లండన్‌లోని ఈస్ట్‌హామ్. కానీ అక్కడికి రాత్రంతా రైళ్ళుండవు, ఆట వదలగానే బయల్దేరాలి. కోవెంట్ గార్డెన్‌లో బస చేస్తే హాళ్ళకి నడిచే వెళ్ళొచ్చు గానీ, అక్కడ గది అద్దె చూస్తే టికెట్టు ధరే నయమనిపిస్తుంది.

మూడు రాత్రులుంటే అన్నీ ఇక్కడే కొనేయక్కర్లేదు. ఒకటి ముందే కొనండి, రెండోది లెస్టర్ స్క్వేర్‌లోని టీకేటీఎస్ కౌంటరుకి వదిలేయండి. ఆ రోజు ఆటతో పాటు వారం లోపలి వాటికీ తగ్గింపు ధరకి అమ్ముతారు. ఇంగ్లీషు డైలాగు వేగంగా పట్టుకోలేని పెద్దవాళ్ళుంటే మాటల నాటకం కంటే మ్యూజికల్ నయం.

అసలు సిసలు నేల టికెట్టు కావాలంటే థేమ్స్ ఒడ్డున షేక్స్పియర్ గ్లోబ్‌కి వెళ్ళాలి. స్టేజీ ముందు సుమారు 700 మంది నిలబడి చూస్తారు, టికెట్టు ఐదు పది పౌన్ల నుంచి మొదలు. పైన కప్పు లేదు, గొడుగు విప్పనివ్వరు, ఆట సాగుతుండగా కింద కూర్చోనివ్వరు. వాన కోటు సంచిలో పెట్టుకోండి.