నాన్నతో ఫ్లోరెన్స్, రోమ్: మైకెలాంజెలో కోసం ఐదు రోజులు

మా నాన్నది ఆళ్లగడ్డ. ఇంటి పక్కనే విగ్రహాలు చెక్కేవాళ్లు, ఉలి చప్పుడు మధ్యే పెరిగారు. ఇటలీ వెళ్దాం అనగానే వెనిస్ వద్దు, పడవలు వద్దు, మైకెలాంజెలో చెక్కినవి చూపించు చాలన్నారు. ఫ్లోరెన్స్‌లో మూడు రోజులు, రోమ్‌లో రెండు ఉన్నాం.

ఫ్లోరెన్స్‌లో స్టేషన్‌కి దగ్గరని తీసుకున్న గదికి లిఫ్ట్ ఉందని రాశారు, తీరా వెళ్తే అది పనిచేయట్లేదు, మాది మూడో అంతస్తు. మోకాళ్ల నొప్పులతో నాన్న ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతుంటే చాలా బాధేసింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు లిఫ్ట్ సంగతి ముందే మెసేజ్ పెట్టి కనుక్కోండి. బయటి ఊళ్లనుంచి వచ్చి బస చేసేవాళ్ల మీద వేసే ఊరి పన్ను కూడా మనిషికి, రాత్రికి ఇంత అని విడిగా కట్టాలి.

డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా మ్యూజియానికి సోమవారం సెలవు. మేము ఉదయం మొదటి టైమ్‌కే టికెట్ బుక్ చేసుకున్నాం. డేవిడ్ 5.17 మీటర్ల ఎత్తు. అంతకుముందు ఒకరిద్దరు మొదలుపెట్టి వదిలేసిన రాయిని మైకెలాంజెలో 1501లో, 26 ఏళ్ల వయసులో చేతికి తీసుకుని 1504కల్లా ఇలా నిలబెట్టాడు. కిందికి వేలాడే ఆ కుడిచేతి మీద నరాలు ఉబ్బి కనిపిస్తాయి. అందరూ నేరుగా డేవిడ్ దగ్గరికే పోతారు గానీ, దారిలో రెండు పక్కలా ఉన్న 'బందీలు' అనే విగ్రహాల దగ్గర నాన్న గంటసేపు కదల్లేదు. రాయిలోంచి సగమే బయటికొచ్చిన మనుషులు, పని మధ్యలో ఆగిపోయినవి. ఒంటి మీద దువ్వెనతో గీసినట్టు పక్కపక్కనే గీతలు. "ఇది పళ్ల ఉలి పని రా, నునుపు చేసేస్తే ఇది కనపడదు" అన్నారు. నాకు అప్పటిదాకా అవి ఉత్త గరుకు రాళ్లే.

ఫ్లోరెన్స్‌లోనే డ్యుయోమో (పెద్ద చర్చి) మ్యూజియం తప్పకుండా చూడండి, జనం తక్కువ. అక్కడి పియెటాని (చనిపోయిన క్రీస్తుని మేరీ పట్టుకున్న శిల్పం) మైకెలాంజెలో తన సమాధి కోసమని 70 దాటాక మొదలుపెట్టి, తనే సుత్తితో పగలగొట్టాడు. క్రీస్తుకి ఎడమకాలు లేదు. వెనక ముసుగు వేసుకుని నిలబడ్డ ముసలాయన ముఖం మైకెలాంజెలోదే అంటారు. యాత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే.

రోమ్‌కి ఫాస్ట్ ట్రైన్‌లో గంటన్నర. వాటికన్ టికెట్ మాత్రం అధికారిక సైట్‌లోనే కొనండి, మేము ఆలస్యం చేసి మధ్యవర్తి సైట్‌లో దాదాపు రెట్టింపు కట్టాం. అక్కడి సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థనాలయం కప్పు మీది బొమ్మలు 1508 నుంచి 1512 దాకా, బలిపీఠం వెనక గోడ మీది 'తుది తీర్పు' చిత్రం 1536 నుంచి 1541 దాకా వేశాడు. బొమ్మలు అద్భుతం, చూసే పరిస్థితే లేదు. భుజాలు రాసుకునేంత జనం, ఐదు నిమిషాలకోసారి నిశ్శబ్దం అని కేకలు. గోడల పక్కన బెంచీలున్నాయి, ఖాళీ దొరగ్గానే కూర్చుని తల వెనక్కి ఆనించి చూడండి. వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చిలో ఇంకో పియెటా ఉంది, అది 1972లో ఒకడి సుత్తి దెబ్బలు తిన్నప్పట్నుంచీ అద్దం వెనకే ఉంది, దూరం నుంచే చూడాలి.

ఆ లోటు సాన్ పియెత్రో ఇన్ విన్కోలి చర్చిలోని మోసెస్ విగ్రహం తీర్చింది. టికెట్ లేదు, మధ్యాహ్నం మూసేస్తారు. కావూర్ మెట్రో వైపు నుంచి మెట్లు ఎక్కువ, మోకాళ్లకి కష్టం, కొలోసియం వైపు నుంచి రోడ్డు మీదుగా వెళ్లండి. ఈ మోసెస్ ఉన్నది పోప్ జూలియస్ II సమాధి మీద, ఫ్లోరెన్స్‌లో చూసిన ఆ బందీలూ ఈ సమాధి కోసం మొదలుపెట్టినవే. వాటిని పూర్తి చేయకుండానే 1545లో సమాధి ముగిసింది. మోసెస్ కుడిచేతి వేళ్లు గడ్డం పాయల్లోకి దూరి ఉంటాయి, వేలు నొక్కినచోట వెంట్రుకలు పక్కకి ఒరిగాయి. నాన్న అక్కడే నిలబడి, గాల్లో చెయ్యి ఎత్తి, ఉలి ఏ వాలులో పట్టి ఉంటాడో నాకు చూపించారు.