తాతయ్య మంగలికత్తితో మూడున్నరేళ్లు

మూడున్నరేళ్లుగా ఆదివారాలూ పండగ రోజులూ తాతయ్య కత్తితోనే గడ్డం గీసుకుంటున్నాను. మిగతా రోజుల్లో ఆఫీసు హడావుడి, మామూలు రేజరే గతి. డబ్బు మిగులుతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. కత్తి ఊరికే వచ్చింది గానీ నూరే రాళ్లకూ, పదును సరిచేసే తోలు పట్టీకీ కలిపి ఐదు వేలు దాటింది. ఆ డబ్బుతో మామూలు బ్లేళ్లు కొనుక్కుంటే రిటైరయ్యేదాకా వచ్చేవి.

విజయవాడ సత్యనారాయణపురంలో మాకు సెలూను ఉండేది. తాతయ్య పెట్టారు, నాన్న నడిపారు. తొంభైల్లో ఎయిడ్స్ భయం మొదలయ్యాక కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ "కొత్త బ్లేడు వెయ్యి" అనేవాడు. దాంతో నాన్న సగం బ్లేడు పెట్టుకునే కత్తికి మారిపోయారు. తాతయ్య కత్తి పాత పంచె ముక్కలో చుట్టుకుని ట్రంకుపెట్టె అడుక్కి చేరింది. నాన్న నన్ను ఏ కత్తి దగ్గరికీ రానిచ్చేవారు కాదు. "నువ్వు పెన్ను పట్టుకోరా, చాలు" అనేవారు. అలా సెలూను ఇంట్లో పుట్టి కూడా నలభై దాటేదాకా నాకు కత్తి పట్టడం రాలేదు.

కత్తి సంగతికొస్తే, తోక మీద, అంటే అలుగు (కోసే రేకు) పిడికి కలిసే చోట, సోలింజన్ ముద్ర ఉంది. ఆ జర్మనీ ఊరి పేరు అక్కడ తయారైన సరుకు మీదే వేయాలని 1938లోనే చట్టం తెచ్చారు. అలుగు వెడల్పు 5/8 అంగుళం. రెండు పక్కలా లోపలికి గుల్లగా నూరి ఉంటుంది కాబట్టి వెన్ను దగ్గర మందం, అంచు దగ్గరికొచ్చేసరికి కాగితమే. ఆ మందపాటి వెన్ను ఊరికే పెట్టింది కాదు. నూరేటప్పుడు వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనిస్తే ఏ కోణంలో నూరాలో కత్తే చూసుకుంటుంది. మన చేయి ఎత్తకుండా ఉంటే చాలు.

ఈ ముక్క నాకు ఆలస్యంగా తెలిసింది. ట్రంకులోంచి తీసిన రోజు కత్తి వెన్నపూసను కూడా కోసేలా లేదు. వీధిలో సైకిలు చక్రం తొక్కుతూ సానపట్టే అతను వెళ్తుంటే పిలిచి ఇచ్చాను. నిప్పురవ్వలు లేస్తుంటే భలే పదునెక్కుతోందని మురిసిపోయాను. నాన్న బయటికొచ్చి చూసి నెత్తి కొట్టుకున్నారు. "ఒరేయ్, అది కత్తిపీట అనుకున్నావట్రా!" అప్పటికే తోక వైపు పావు అంగుళం మేర ఉక్కు నీలం రంగుకు తిరిగింది. అంత వేడి తగిలితే ఉక్కు మెత్తబడుతుంది. ఆ పావు అంగుళం ఇప్పటికీ పదును నిలుపుకోదు. మిగతా అలుగుతోనే నెట్టుకొస్తున్నాను. తప్పు అతనిది కాదు, ఇచ్చినవాడిది.

ఆ తర్వాత 1000, 5000, 8000 నంబర్ల రాళ్లు కొన్నాను, నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన. మొదటిది పాడైన అంచును తిరిగి తేవడానికి, ఒక్కసారే వాడాల్సి వచ్చింది. ఇప్పుడు మూణ్నెల్లకోసారి 8000 రాయి మీద నీళ్లు చల్లి పది పన్నెండు సార్లు తిప్పితే సరిపోతుంది. నాన్న నేర్పిన సూత్రం ఇదీ: "రాయి మీద అంచు ముందు, తోలు మీద వెన్ను ముందు." తోలు మీద గీసిన ప్రతిసారీ కత్తిని వెన్ను మీదుగా పొర్లించి తిప్పాలి. అంచు మీదుగా తిప్పితే తోలు తెగుతుంది. నా మొదటి తోలుకు రెండో వారంలోనే నిలువునా గాటు పడింది. ఇప్పుడు గీసుకునే ముందు తోలు మీద యాభైసార్లు లాగుతాను. ఇది ఎగ్గొట్టిన రోజు చెంప మండిపోతుంది. మూడున్నరేళ్లలో నాకు తెలిసొచ్చింది, గడ్డం గీయడం కన్నా ఈ లాగుడే అసలు పని.

ముఖం మీద పెట్టడానికి అంత భయపడక్కర్లేదు. మొదటి నెల చెంపలు మాత్రమే గీసుకుని, మిగతాది రేజరుతో పూర్తిచేశాను. కత్తి చర్మానికి దాదాపు 30 డిగ్రీల వాలులో ఉండాలి. మరీ పడుకోబెడితే వెంట్రుకలు పీకుతుంది, నిలబెడితే కోస్తుంది. నేను కుడిచేతి మీదే ధ్యాస పెట్టి తంటాలు పడుతుంటే నాన్న గుమ్మంలో నిలబడి "గడ్డం గీసేది ఎడమచెయ్యిరా, కుడిచెయ్యి ఊరికే వెళ్తుంది" అన్నారు. నిజమే. ఎడమచేత్తో చర్మం బిగువుగా లాగిపట్టుకున్న రోజు నుంచి గాట్లు సగానికి సగం తగ్గాయి. చుబుకం మాత్రం ఇప్పటికీ లొంగలేదు. అక్కడ ఎదురు గీత గీయడం ఏడాది కిందటే మానేశాను. పై పెదవి దగ్గర ముక్కును కాస్త పైకి నొక్కి పెట్టుకోవాలి, అద్దంలో మనకే నవ్వొస్తుంది.

పెద్ద దెబ్బ ఒక్కసారే తగిలింది, అదీ గీసుకుంటూ కాదు. సబ్బు చేతిలోంచి జారుతున్న కత్తిని అందుకోబోయాను. బొటనవేలికి మూడు కుట్లు. జారితే వదిలేయండి, కత్తి పోతే పోయింది.

నురగ గురించి కూడా చెప్పాలి. మా అపార్ట్‌మెంటులో బోరు నీళ్లు. ఎంత ఖరీదైన సబ్బు పెట్టి బ్రష్షుతో ఎంత రుద్దినా విరిగిన పాలలా ఉంటుంది తప్ప నురగ నిలవదు. తాగే నీళ్ల క్యానులోంచి అరగ్లాసు తీసి వేడిచేసి కలిపాను, సమస్య తీరిపోయింది. మా ఆవిడ దీన్ని కూడా కత్తి ఖర్చులోనే రాస్తోంది. మే నెలలో ఇంకో గొడవ. ఫ్యాను వేస్తే నురగ ఎండిపోతుంది, ఆపితే చెమటకు చర్మం వేళ్లకు దొరకదు. ఆ నెలంతా ఉదయం ఆరులోపు గీసుకుంటేనే కుదురుతుంది.

వానాకాలంలో అయితే తుప్పు. ఇది స్టెయిన్‌లెస్ కాదు, ఒక్క రాత్రి తడి ఉంటే తెల్లారేసరికి చుక్కలు. మొదట్లో కొబ్బరినూనె రాశాను, కొన్నాళ్లకు జిగురులా పట్టేసింది. ఇప్పుడు కుట్టుమిషను నూనె ఒక్క చుక్క రాసి, వాడే ముందు శుభ్రంగా తుడుస్తాను. పిడిలో ఇరుసు మేకు దగ్గర కూడా రాయాలి, తుప్పు పట్టేది ముందు అక్కడే. బాత్‌రూములో మాత్రం ఉంచకండి.

ఇంతా చేస్తే ఏం ఒరిగిందంటారా? మెడ మీద ఇరవై ఏళ్లుగా ఉన్న ఎర్ర పొక్కులు బాగా తగ్గాయి. అది కత్తి గొప్పో, నిదానంగా గీసుకోవడం గొప్పో తేల్చలేను. నునుపు మాత్రం మంచి రేజరు ఇచ్చేదానికి ఎక్కువేమీ కాదు. మొదట్లో నలభై నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఇరవై. పలచటి అలుగు గరుకు గడ్డం మీద నడుస్తుంటే గరగరమని ఒక చప్పుడొస్తుంది. చిన్నప్పుడు సెలూను బెంచీ మీద కూర్చుని విన్న చప్పుడే. నిజం చెప్పాలంటే నేను కొనసాగిస్తున్నది దానికోసమే.

మీ ఇంట్లోనూ పాతది దొరికితే ముందు కిటికీ దగ్గర వెలుతురులో అలుగు మీద సన్నటి పగులు ఉందేమో చూడండి. ఉంటే గూట్లో పెట్టుకోండి, ముఖం మీద వద్దు. తుప్పు అంచుదాకా లోతుగా తినేసినా అంతే. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు ఈ జోలికి రావద్దు. పటిక రాయి పక్కన పెట్టుకోండి.

నాన్నకు ఇప్పుడు డెబ్బై ఆరు. ఒక ఆదివారం కత్తి బాగా పదునెక్కింది, గీయనా అని అడిగాను. ఆయన వాడిపారేసే ప్లాస్టిక్ రేజరు చేతిలో పట్టుకుని బాత్‌రూములోకి వెళ్తూ, "నలభై ఏళ్లు అందరికీ గీశానురా, ఇంకా నాకెందుకా సంత" అని తలుపేసుకున్నారు.