సిలికా ఏరోజెల్, పెక్టిన్ ఏరోజెల్: మందును మోయడానికి ఏది తగినది?

నల్లగొండ బస్టాండు దగ్గర జ్యూస్ బండి పక్కన గోనెసంచిలో పేరుకునే బత్తాయి తొక్కల తెల్లని లోపొరలో పెక్టిన్ అనే పీచు పదార్థం ఉంటుంది. జెల్‌లోని ద్రవాన్ని తీసేసి, ఆ చోటును గాలితో నింపితే మిగిలే, సన్నని రంధ్రాలున్న తేలికైన ఘనపదార్థమే ఏరోజెల్. మందును మోసే ఏరోజెల్‌ను శుద్ధిచేసిన పెక్టిన్‌తోనూ, ఇసుకలో ఉండే సిలికాతోనూ తయారు చేయవచ్చు. జెల్‌లోని ద్రవాన్ని 31 డిగ్రీల సెల్సియస్ వేడికి, 74 బార్ల పీడనానికి మించి ఉంచిన కార్బన్ డయాక్సైడ్‌తో తొలగించే పద్ధతి రెండింటికీ వర్తిస్తుంది.

1931లో అమెరికా శాస్త్రవేత్త శామ్యూల్ కిస్ట్లర్ వెల్లడించిన సిలికా ఏరోజెల్‌లో సాధారణంగా 90 శాతానికి పైగా ఖాళీయే. ఒక్క గ్రాములోని రంధ్రాల గోడలన్నీ పరిస్తే 500 నుంచి 1000 చదరపు మీటర్ల దాకా వస్తాయి. నీటిని ఇష్టపడే రకమైతే, తడి తగలగానే ఆ సన్నని గోడలు కూలి, నీటిలో సులువుగా కరగని కీటోప్రొఫెన్ వంటి నొప్పి మందు త్వరగా విడుదలవుతుంది. అయితే మన ఎంజైములు సిలికాను జీర్ణం చేయలేవు.

పెక్టిన్ తీరు వేరు. అది చిన్నపేగు ఎంజైములకు లొంగక, పెద్దపేగులోని బాక్టీరియా వల్లనే విచ్ఛిన్నమవుతుంది కాబట్టి, పెద్దపేగు వాపుకు మందును అక్కడికే చేర్చవలసి వస్తే నేను దీనినే ఎంచుకుంటాను. మా తోటల్లో రాలిపోయే కాయకు ఆ విలువ దక్కాలని కూడా గాఢంగా కోరుకుంటాను. కాకపోతే కాల్షియంతో బిగించకపోతే దారిలోనే కరిగే ప్రమాదం ఉంది. గాలిలోని తేమకే కుంచించుకుపోతుంది కనుక గాలి చొరని ప్యాకింగు తప్పదు.