రౌటర్ మార్చి రెండున్నరేళ్లు: పాతదాని మీద వేసిన నిందల్లో సగం అబద్ధాలే

మా పాత రౌటర్ ఎనిమిదేళ్లు పనిచేసింది. చివరి ఏడాది మాత్రం అది పనిచేసిందనడం కన్నా, మేమే దాన్ని ఈడ్చుకొచ్చామనడం నిజం. సాయంత్రమైతే చాలు, హాల్లోంచి “నెట్ పోయింది” అని ఒక కేక, లోపలి గదిలోంచి “ఓసారి ఆపి వెయ్యి” అని ఇంకో కేక. కొత్తది కొన్న వారంలోనే ఈ సమీక్ష రాసుంటే వేరేలా ఉండేది. అప్పుడు కొత్తదాని మీద మోజు, పాతదాని మీద కోపం రెండూ ఎక్కువే.

మార్చడానికి అసలు కారణం స్పీడ్. 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కి మారినా టెస్టులో 93, 94 దగ్గరే ఆగిపోయేది. కనెక్షన్ ఇచ్చినవాళ్లతో రెండుసార్లు గొడవ కూడా పడ్డాను. చివరికి లాప్‌టాప్‌ని నేరుగా ఫైబర్ మోడెమ్‌కి తగిలిస్తే 200 పూర్తిగా వచ్చింది. వాళ్ల తప్పేమీ లేదన్నమాట. పాత రౌటర్ డబ్బా మీద 300 అని ఉన్నా అది వైఫై లెక్క. వెనకాల వైరు గుచ్చే పోర్టులు 100వే. చెరువు నిండా నీళ్లున్నా తూము బెత్తెడైతే పారేది అంతే. మీ స్పీడ్ కూడా 94 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంటే ముందు పోర్టులు చూడండి.

కొన్నది ఏఎక్స్1800 తరగతి వైఫై 6 రౌటర్. ఆ 1800 చూసి నాలా మురిసిపోవద్దు. వైఫై నడిచే దారులు రెండు, వాటినే బ్యాండ్లంటారు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 574, 5 గిగాహెర్ట్జ్‌లో 1201, రెండూ కూడి పైకి సవరించి వేసిన అంకె అది. మామూలు ఫోన్ ఒక్కసారికి ఏదో ఒక బ్యాండ్ మీదే ఉంటుంది. రౌటర్ పక్కనే కూర్చున్నా ఆ 1201 పూర్తిగా రాదు.

ఎంతో ఆశగా బిగించి టెస్ట్ పెడితే మళ్లీ 94! ఆ పూట పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు. ఈసారి తప్పు పోర్టుది కాదు, వైరుది. మోడెమ్ నుంచి రౌటర్‌కి వేసిన పాత వైరు కొసలో నాలుగు తీగలే ఉన్నాయి. 100కి రెండు జతలు సరిపోతాయి కానీ గిగాబిట్‌కి నాలుగు జతలూ, అంటే ఎనిమిది తీగలూ కావాలి. ఆ ఎనిమిదీ ఉన్న క్యాట్ 5ఈ రకం వైరు వేశాక 200 వచ్చింది.

వైఫై పేరు, పాస్‌వర్డ్ పాతవే పెట్టడం నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని. ఫోన్లు, టీవీ అన్నీ వాటంతటవే కలిసిపోయాయి. ప్రింటర్ మాత్రం మొండికేసింది. సెక్యూరిటీని కొత్త తరం పద్ధతైన డబ్ల్యూపీఏ3 ఒక్కటే అని పెట్టాను, ప్రింటర్‌కి అది తెలియదు. డబ్ల్యూపీఏ2, 3 కలిపి ఉండే ఆప్షన్‌కి మార్చగానే దారికొచ్చింది. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టే స్మార్ట్ కనెక్ట్‌ని కూడా నెల తిరక్కుండానే ఆపేశాను. మా స్మార్ట్ ప్లగ్‌లు 2.4 మీదే పనిచేస్తాయి. 5 మీద ఉన్న ఫోన్‌తో వాటిని కలపబోతే ప్రతిసారీ విఫలమయ్యేవి.

ఇక అసలు సంగతి, రౌటర్ ఎక్కడ పెట్టాలన్నది. పాతది టీవీ వెనకాల, నేలకి జానెడు ఎత్తులో ఉండేది. కొత్తదాన్నీ అక్కడే పెట్టాను. వెనక గదిలో సిగ్నల్ పాతదాని కన్నా అధ్వాన్నం! 5 గిగాహెర్ట్జ్‌కి స్పీడ్ ఎక్కువ, గోడలు దాటే ఓపిక తక్కువ. రెండు గోడలకే నీరసపడిపోయింది. వేరే మోడల్ కొనాలేమో అని కూడా చూశాను. చివరికి 15 మీటర్ల వైరు లాగి ఇంటి నడిమధ్య బీరువా మీద పెట్టాను. అదే రౌటర్, అవే గోడలు, వెనక గదిలో వీడియో కాల్ తెగకుండా నడిచింది. చూడ్డానికి బాగోలేదని దాన్ని బీరువా లోపల పెడితే వేడెక్కి దానంతటదే ఆగి మొదలయ్యేది. అందుకే మళ్లీ పైకే వెళ్లింది.

అప్పుడప్పుడూ 5 గిగాహెర్ట్జ్ పేరే ఒక నిమిషం మాయమయ్యేది. ఒక్కో బ్యాండ్‌లో నంబర్లు వేసిన చిన్న దారులుంటాయి, అవే ఛానెళ్లు. ఛానెల్ ఎంపిక ఆటోలో ఉంటే రౌటర్ 100వ నంబరు మీదకి వెళ్తోంది. రాడార్లు కూడా వాడే ఛానెళ్లవి. అక్కడ రౌటర్ ముందు ఓ నిమిషం చెవొగ్గి వినాలి, రాడార్ అలికిడి ఉంటే తప్పుకోవాలి. 36వ ఛానెల్‌కి మార్చాక ఆ బాధ పోయింది. కాకపోతే ఒకసారి అర్ధరాత్రి వచ్చిన అప్‌డేట్ దాన్ని మళ్లీ ఆటో చేసి కూర్చుంది. అప్‌డేట్లు మాత్రం ఇప్పటికీ వస్తున్నాయి. పాతదానికి ఎప్పుడో ఆగిపోయాయి. కొత్తది కొనడానికి నాకు ఇప్పుడు కనిపిస్తున్న పెద్ద కారణం అదే.

రెండేళ్లు దాటాక కొత్తది కూడా రోజుకోసారి ఆగడం మొదలుపెట్టింది. అచ్చం పాతదాని జబ్బే! ఈసారి రౌటర్ జోలికి పోకుండా అదే వోల్టేజ్, కనీసం అంతే యాంపియర్ ఉన్న వేరే అడాప్టర్ పెట్టాను. జబ్బు కుదిరింది. అప్పుడు తట్టింది, మరి పాతదాని సంగతేంటని. అటక మీంచి దించి, దానికీ సరిపడే 9 వోల్టుల అడాప్టర్ తెచ్చి వారం వదిలేశాను. ఒక్కసారీ ఆగలేదు.

పోర్టులు 100వే కాబట్టి స్పీడ్ కోసమైతే ఎలాగూ మార్చాల్సిందే. కానీ ఏడాది పాటు “ఓసారి ఆపి వెయ్యి” అని మేం కేకలేసింది నీరసించిన అడాప్టర్ మీదన్నమాట. ఇప్పుడు పాతది వెనక గదిలో, వైర్లు పంచే పెట్టెలా ఉంది. వైఫై, పరికరాలకి అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ రెండూ ఆపేసి, కొత్తదానితో గొడవ రాకుండా దాని ఐపీ అడ్రస్ మార్చి, కొత్త రౌటర్ నుంచి వచ్చే వైరుని ఇంటర్నెట్ కోసం ఉండే వ్యాన్ పోర్టులో కాకుండా ఇంట్లోని పరికరాల కోసం ఉండే ల్యాన్ పోర్టులో గుచ్చాను. టీవీకీ ప్రింటర్‌కీ 100 ధారాళం.