బిగుసుకుపోయిన వైపర్: విప్పి గ్రీజు పెట్టాలా, సెట్టు మార్చాలా?

వైపర్ సగంలో ఆగిపోతే చాలామంది మోటార్ కాలిపోయిందనుకుంటారు. ముందు అది తేల్చుకోండి. వైపర్ చేతులు, అద్దం కింద ఉండే ప్లాస్టిక్ కవర్ తీస్తే మోటార్, దాన్నుంచి రెండు వైపులకూ వెళ్ళే లింకేజ్ రాడ్లు కనిపిస్తాయి. క్రాంక్‌కూ (మోటార్ షాఫ్ట్‌కు బిగించి ఉండి రాడ్లను ఆడించే చిన్న చేయి) మోటార్ షాఫ్ట్‌కూ కలిపి మార్కర్‌తో గీత గీసి, క్రాంక్ విడదీసి స్విచ్ వేయండి. మోటార్ హాయిగా తిరిగిందంటే తప్పు లింకేజ్‌దే. ఆ తర్వాత పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి. ఆ రాడ్ల మధ్య వేలు పడితే నలిగిపోతుంది.

చాలావరకు బిగుసుకునేది వైపర్ చేయి కూర్చునే ఇరుసు. స్టీలు ఇరుసు అల్యూమినియం గొట్టంలో తిరుగుతుంది. పైనున్న రబ్బరు సీలు ముదిరితే నీళ్ళు దిగుతాయి, గ్రీజు ఎండుతుంది, తుప్పు పట్టి పట్టేస్తుంది.

పైనుంచి డబ్ల్యూడీ-40 అనే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయడం అందరికీ తెలిసిన దారి. తాత్కాలికంగా కదలొచ్చు. కానీ అది పల్చటిది, వానకు నిలవదు. తుప్పు వదిలించడానికే దాన్ని వాడాలి.

నా ఓటు విప్పి శుభ్రం చేయడానికే. స్ప్రే కొట్టి రాత్రంతా నాననివ్వండి. పొద్దున ఇరుసును అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ వదులు చేయండి. సుత్తితో గట్టిగా కొడితే అల్యూమినియం పగులుతుంది. లాక్ రింగు తీసి ఇరుసు బయటకు లాగితే గోధుమ రంగు తుప్పు, తెల్లటి పొడి కలిసి అట్టకట్టి ఉంటాయి. సన్న ఎమెరీ కాగితంతో రుద్ది, కిరోసిన్‌తో కడిగి, తుడిచి, లిథియం గ్రీజు దట్టించండి. ఇరుసు వేలితో సులువుగా తిరగాలి, పక్కలకు ఊగకూడదు. ఖర్చు నామమాత్రం, పోయేది ఒక పూట. ఓపికగా చేస్తే చాలాకాలం మళ్ళీ దాని జోలికి వెళ్ళక్కర్లేదు.

ఇరుసు ఊగుతున్నా, రాడ్ల చివర ప్లాస్టిక్ బుష్‌లు అరిగి టకటకమంటున్నా గ్రీజుతో లాభం లేదు, రాడ్లూ ఇరుసులూ కలిసి వచ్చే కొత్త లింకేజ్ సెట్టు వేయాల్సిందే. కొన్ని కార్లలో ఇరుసు విడిరాకుండా నొక్కేసి ఉంటుంది, అది నానబెట్టినా వదలకపోతే దానికీ ఇదే మార్గం. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత సెట్టు చవకగా దొరకొచ్చు. అయితే అదీ మీ బండి వయసుదే అయ్యుంటుంది. అక్కడే రెండు ఇరుసులూ చేత్తో తిప్పి చూడనిదే తీసుకోవద్దు.

ఏ దారి పట్టినా, కవర్ కింద పేరుకున్న వేపాకులు తీసి, నీళ్ళు పోయే రంధ్రాలు తెరవండి. అవి మూసుకుంటే నీళ్ళు అక్కడే నిలిచి మోటార్‌కూ ముప్పే. చివరగా క్రాంక్‌ను ముందు గీసిన గీత ప్రకారం బిగించి, బ్యాటరీ వైరు తగిలించి, మోటార్‌ను ఒకసారి ఆడించి, స్విచ్ ఆపి, అది తన చోట ఆగాకే వైపర్ చేతులు బిగించండి. అద్దం మీద మందపాటి గుడ్డ పరచడం మరవొద్దు. బ్లేడ్ లేని చేయి స్ప్రింగ్ ఊపుకు పడిందంటే అద్దం పగులుతుంది.