ఖోతిన్ కోట, చెర్నివ్‌ట్సీ యూనివర్సిటీ: గోడ దగ్గరికెళ్లి చూడాల్సిన చోట్లు

ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదివొచ్చిన మనవాళ్లని అక్కడ ఏం చూశారని అడిగితే కీవ్, ల్వీవ్, ఒడెసా అంటారు. చెర్నివ్‌ట్సీలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు కూడా అదే చెబుతారు. నేనూ అక్కడే చదివాను. నా మటుకు నాకు, ఆ దేశంలో ముందు చూడాల్సింది ఖోతిన్ కోట, దాని తర్వాత చెర్నివ్‌ట్సీ యూనివర్సిటీ. రెండూ చెర్నివ్‌ట్సీ ఆబ్లస్ట్‌లోనే ఉన్నాయి. ఆబ్లస్ట్ అంటే మన రాష్ట్రంలాంటిది అనుకోండి. విస్తీర్ణంలో ఉక్రెయిన్ మొత్తానికీ ఇదే చిన్నది.

ముందు కోట సంగతి. చెర్నివ్‌ట్సీ నుంచి కమియానెట్స్ పొదిల్స్కీ వైపు వెళ్లే బస్సెక్కితే ఖోతిన్ దారిలోనే తగులుతుంది. ఊళ్లో దిగి కోట దాకా నడవచ్చు, ఓపిక లేకపోతే టాక్సీ. టికెట్ తీసుకుని లోపలికి వెళ్లాక కొంతసేపు కోట కనపడదు. గడ్డిమైదానం, మట్టి కట్టలు, ఒక చర్చి, అంతే. ఇంకాస్త ముందుకు నడిస్తే నేల ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. ఆ పల్లంలో, నీస్టర్ నది ఒడ్డున, ఉంటుంది కోట. మనం గోల్కొండకైనా కొండవీడుకైనా తల పైకెత్తి చూసి, ఆయాసపడుతూ ఎక్కుతాం. ఇక్కడ మాత్రం పైనుంచి కోటని చూసుకుంటూ దిగాలి.

కోటని అంత పల్లంలో ఎందుకు కట్టారని అందరికీ అనుమానం వస్తుంది. కట్టిన కాలానికి ఫిరంగుల భయం లేదు. నది దాటే రేవుని కాపలా కాయడమే పని, అందుకని రేవు పక్కనే కట్టారు. రాతికోట 14వ శతాబ్దంలో మొదలైంది. తర్వాతి శతాబ్దంలో మొల్డావియా రాజు స్టెఫాన్ దాన్ని పెంచి పెద్దది చేశాడు. ఫిరంగులు వచ్చాక చుట్టూ ఉన్న మెరక శత్రువుకి పనికొచ్చేదిగా మారింది. అందుకే 18వ శతాబ్దంలో తుర్కులు ఆ మెరక మీద పెద్ద మట్టి బురుజులు కట్టి కోటని మధ్యలో పెట్టుకున్నారు. టికెట్ దగ్గర్నుంచి మనం దాటొచ్చే మట్టి కట్టలు అవే. చాలామంది వాటిని మామూలు దిబ్బలనుకుని చూడకుండానే వెళ్లిపోతారు.

2018 వేసవిలో నాన్న వచ్చారు. మాది తెనాలి పక్కన పల్లె, నాన్న తాపీ మేస్త్రీ. కోట గేటు ముందున్న వంతెన మీద నేను ఫోటోలు తీస్తుంటే ఆయన నది వైపు గోడ కిందికి వెళ్లి నిలబడ్డారు. గోడ ఎత్తు 40 మీటర్ల దాకా, మందం 5, 6 మీటర్లు. ఆయన చూసింది ఎత్తు కాదు. రాతి కట్టుబడి మధ్యలో ఎర్ర ఇటుకతో మెట్లు మెట్లుగా ఒక నమూనా వేశారు, గోడ పొడుగునా. "అమ్మాయ్, ఇది పైన అతికించింది కాదే. గోడ లేస్తుండగానే వరసలో కలిపి కట్టారు. ప్రతి వరసకీ ఎన్ని ఇటుకలు పడతాయో ముందే లెక్క వేసుకోకపోతే ఇట్టా రాదు" అన్నారు. అప్పటిదాకా అది నాకు రంగుల అలంకారమే. ఆ మాట విన్నాక దగ్గరికెళ్లి చూశాను. ఇటుకల చుట్టూ సున్నం ఎక్కడ పలచబడిందో, ఎక్కడ కొత్తగా మరమ్మతు చేశారో వేలు పెట్టి చూపించారు. కొత్త సున్నం తెల్లగా, నున్నగా ఉంది. పాతదాంట్లో గులకరాళ్లు తేలి ఉన్నాయి.

లోపలికి వెళ్లాక ఇంకో ఆశ్చర్యం. బయట అంత ఎత్తున్న గోడ లోపలి నుంచి పొట్టిగా కనిపిస్తుంది. స్టెఫాన్ కాలంలో కోట లోపలి నేలని సుమారు 10 మీటర్లు మట్టితో నింపి పైకి లేపారు. గోడని బయటి నుంచి కొడితే వెనక మట్టే ఆసరా. ఇది తెలియకుండా లోపల తిరిగితే సగం కోట చూడనట్టే. లోపలి ప్యాలెస్ గోడకి తెల్లరాయి, ఎర్ర ఇటుక గళ్లు గళ్లుగా వేసిన భాగం ఉంది, దాన్ని వదలకండి. ప్రదర్శన గదులు మాత్రం ఓ మోస్తరు. ఆయుధాలు, నమూనాలు చూస్తూ అక్కడే ఆగిపోకుండా బయటి గోడకి ఎక్కువ టైం ఇవ్వండి.

నది వైపు గోడ మీద పెద్ద నల్లటి చెమ్మ మరక ఉంది. ఎండాకాలంలో కూడా ఆరదట. ఒక పిల్లని గోడలో సజీవంగా పెట్టి కట్టేశారనీ, అది ఆమె కన్నీరనీ కథ చెబుతారు. మా నాన్న కథ విని, కాసేపు ఏమీ అనకుండా, నేలలోంచి నీరు ఎక్కుతుందని మాత్రం చెప్పారు. నాకు రెండూ గుర్తున్నాయి.

చరిత్ర తెలుసుకుని వెళ్తే ఆ మైదానం వేరేగా కనిపిస్తుంది. 1621 సెప్టెంబర్‌లో తుర్కుల ఒట్టోమన్ సుల్తాన్ రెండో ఉస్మాన్ పెద్ద సైన్యంతో ఇక్కడికి వచ్చాడు. అప్పటికి అతనికి ఇంకా 17 ఏళ్లు నిండలేదు. ఎదురుగా పోలండ్, లిథువేనియా సైన్యం, వాళ్లతో పాటు పెత్రో సగైదాచ్నీ నాయకత్వంలో కొసాక్కులు, అంటే ఉక్రెయిన్ మైదానాల యోధులు. పోలిష్ సేనాని ఖోద్కెవిచ్ యుద్ధం నడుస్తుండగానే ఈ కోటలో జబ్బుతో చనిపోయాడు. అక్టోబర్‌లో సంధి కుదిరింది, సుల్తాన్ ఇది గెలవలేకపోయాడు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో సగైదాచ్నీ గాయాలతో పోయాడు, మే నెలలో ఉస్మాన్‌ని సొంత సైనికులే చంపేశారు. ఒక యుద్ధంలో తలపడిన ముగ్గురు నాయకులూ ఏడాది తిరక్కుండానే వెళ్లిపోయారు. సగైదాచ్నీ విగ్రహం కోట ఆవరణలోనే ఉంది. 1673లో యాన్ సొబియెస్కీ ఇక్కడే తుర్కుల్ని ఓడించి, ఆ పేరుతో మరుసటి ఏడు పోలండ్‌కి రాజయ్యాడు.

ఇంత ఉన్న చోటుకి ఒక ట్రావెల్స్ వాళ్లు మా జూనియర్లని తీసుకెళ్లి గంట టైం ఇచ్చారు. పిల్లలు గేటు ముందు సెల్ఫీలు తీసుకుని వచ్చేశారు. ప్యాకేజీ తీసుకునేవాళ్లు ఖోతిన్‌కి ఎంత సేపు ఇస్తారో ముందే అడగండి. మూడు గంటలకి తక్కువైతే వద్దు, బస్సులో సొంతంగా వెళ్లండి. మే, సెప్టెంబర్ బాగుంటాయి. చలికాలంలో ఆ దిగుడు దారి మంచుతో జారుతుంది.

ఇక యూనివర్సిటీ. నేను చదివింది ఇది కాదు, మాది మెడికల్ యూనివర్సిటీ, అదే ఊళ్లో వేరే. ఈ భవనం ఒకప్పుడు బుకోవినా (ఈ ఊరున్న ప్రాంతం పాత పేరు), డాల్మేషియా ప్రాంతాల ఆర్థడాక్స్ మెట్రోపాలిటన్ల, అంటే పెద్ద బిషప్పుల, నివాసం. ఆస్ట్రియా పాలనలో 1864 నుంచి 1882 దాకా కట్టారు. నిర్మాత చెక్ వాస్తుశిల్పి యోసెఫ్ హ్లావ్కా. పని భారంతో ఆయన కాళ్లు పడిపోయి కొన్నేళ్లు నడవలేకపోయాడు, తర్వాత కోలుకున్నాడు. 1955 నుంచి ఇందులో యూనివర్సిటీ నడుస్తోంది. 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

గేటు దాటి ముంగిట్లో నిలబడగానే మూడు వైపులా ఎర్ర ఇటుకే. కాసేపు కప్పు వైపు చూడండి. రంగురంగుల పెంకులతో అక్కడి పల్లెల ఎంబ్రాయిడరీలో కనిపించేలాంటి నమూనాలు పరిచారు. వాన పడి వెలిశాక, పెంకులు తడిగా ఉన్నప్పుడు, ఆ రంగులు బాగా తేలతాయి. నాన్న మాత్రం ఇక్కడా మూలలే చూశారు. వంపు తిరిగే చోట మామూలు ఇటుక చెక్కి పెట్టకుండా ఆ వంపుకి తగ్గట్టే పోత పోసిన ఇటుక వాడారు. హాళ్లలోకి గైడుతోనే పంపిస్తారు. రెడ్ హాల్‌లో చెక్క కప్పు, నిలువెత్తు అద్దాలు అద్భుతం. మార్బుల్ హాల్ 1944లో కాలిపోయింది, ఇప్పుడున్నది తర్వాత బాగుచేసింది. గైడు ఆ రెండూ వరసగా చూపిస్తే ఎంత పోయిందో మనకే అర్థమవుతుంది. చర్చిలో పూజ జరుగుతుంటే తలకి స్కార్ఫ్ కట్టుకుని వెనక నిలబడండి, ఎవరూ ఏమీ అనరు.

ఊళ్లో మిగతావి సాయంత్రం నడకలో అయిపోతాయి: ఓల్హా కొబిల్యాన్స్కా వీధి, 1905 నాటి థియేటర్, మెలితిరిగిన గోపురాల వల్ల జనం తాగుబోతు చర్చి అని పిలుచుకునే సెయింట్ నికోలస్ కెథడ్రల్. మధ్యాహ్నం 12కి టౌన్ హాల్ దగ్గర ఉంటే ట్రంపెట్ వినొచ్చు.

శాకాహారులకి భయం లేదు. బనోష్ అడగండి, మొక్కజొన్న రవ్వని మీగడలో వండి పైన గొర్రెపాల చీజ్ వేస్తారు. కొవ్వు ముక్కలు కూడా వేసే అలవాటుంది, ఆర్డర్ చేసేటప్పుడే "బెజ్ మ్యాసా" అనండి. పుట్టగొడుగులతో వేసి ఇస్తారు. మా నాన్న వెంట తెచ్చుకున్న గోంగూర పచ్చడి నంజుకుని తిన్నారు, బాగా కుదిరింది.

కమియానెట్స్ కోట పక్క ఆబ్లస్ట్‌లోది, నది దాటితే వచ్చేస్తుంది. అదీ గొప్పదే. రెండూ ఒకే రోజు పెట్టుకునేవాళ్లు పొద్దున్నే ఖోతిన్‌కి వెళ్లి, మధ్యాహ్నం కమియానెట్స్ చేరండి. మెరక దిగి ఎక్కే పని ఓపికుండగానే అయిపోతుంది.

ఇప్పుడు వెళ్లమని చెప్పను. 2022 ఫిబ్రవరి నుంచి ఆ దేశానికి విమానాల్లేవు. ఆ రోజుల్లో మా జూనియర్లు చెర్నివ్‌ట్సీ నుంచే సీరెట్ బోర్డర్ దాటి రుమేనియాకి వెళ్లారు, చలిలో గంటలకొద్దీ లైన్లో నిలబడి. ఆ ఊరి జనం యుద్ధంలోనే బతుకుతున్నారు, మాకు అద్దెకి ఇల్లిచ్చిన అమ్మమ్మ కూడా. యుద్ధం ఆగి, మన ఎంబసీ వెళ్లొచ్చని చెప్పాక బయల్దేరండి. ఖోతిన్‌కి నేను అయిదుకి అయిదు ఇస్తాను. యూనివర్సిటీకి నాలుగున్నర, ఆ అర కూడా లోపల సొంతంగా తిరగనివ్వరు కాబట్టే.